రెండో మనిషి లేని ప్లాను

మా బావంటే నాకు మొదటినుంచీ పడదు. అక్క మొగుడు కాబట్టి ఇంట్లో భరించాను. పార్సిల్ కంపెనీలో నా పైవాడు కాబట్టి ఆఫీసులోనూ భరించాను.

కంపెనీ ప్రోగ్రాములన్నీ ఒకే పాత సర్వర్ మీద నడిచేవి. అది పడుకుంటే పార్సిల్ కదలదు. వాటిని కంటైనర్లనే విడివిడి సాఫ్ట్‌వేర్ డబ్బాల్లో పెట్టి, నాలుగైదు మిషన్లకు పంచి, ఒకటి చచ్చినా మిగతావి మోసేలా క్లస్టర్ కట్టాలన్నాడు యజమాని. ముందు ప్లాను వేసే పని బావకు పడింది. ఇక చూడాలి ఆయన అపశకునపు మాటలు. పెత్తనం చేసే మిషన్లు మూడుండాలి, ఒకటి పోయినా మిగిలిన రెండూ ఒక మాట మీద నిలబడతాయి. మూడూ ఒకే కరెంటు లైను మీద ఉంటే మూడుండీ దండగ. క్లస్టర్ లోపలి నెట్‌వర్క్ అడ్రసులు ఆఫీసు నెట్‌వర్క్ అడ్రసులతో ఢీకొనకూడదు. బ్యాకప్ తీస్తే చాలదు, తిరిగి ఎక్కించి చూడాలి. అన్నీ నిజాలే. ఆ నిజాలను మొహాన ఉమ్మినట్టు చెప్పేవాడు.

ఇదంతా తెలిసిన మనిషి ఇంకొకరుండాలి కదా, మీ బావమరిదికి నేర్పండి అన్నాడు యజమాని. బావ నన్ను ఎగాదిగా చూశాడు.

"వీడికి తాళాలిచ్చి నేను గుమ్మంలో కూర్చోనా?"

ఆ నోటికి జడిసి యజమాని మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ నెలలోనే అక్కకు గర్భసంచి తీసేయాలన్నారు డాక్టర్లు. దేనికీ బెదరని మనిషి, మత్తు అనగానే హడలిపోయింది. మత్తిచ్చేదాకా పక్కన ఉండమని బావను అడిగింది. ఊఁ అన్నాడు. తర్వాత కొత్త క్లస్టర్‌కు మారే ముహూర్తం సరిగ్గా ఆపరేషన్ రోజునే పెట్టాడు. వాయిదా వేస్తే సెలవుల రద్దీ మీద పడుతుందట. నాకు నేర్పు, ఆ పూట నేను చూసుకుంటానని బతిమాలాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడు.

ఆపరేషన్ గది ముందు అక్క నా చెయ్యి వదల్లేదు. లోపలికి తీసుకెళ్తుంటే నన్ను కాదు, మెట్లవైపు చూసింది. ఆ క్షణంలో బావ ఎదురుపడితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

సాయంత్రం వచ్చాడు. ఒక మిషన్‌ను కావాలని ఆపినా ఒక్క పార్సిలూ ఆగలేదని మంచం పక్కన నిలబడి గొప్పగా చెప్పాడు. అక్క ముఖం చూసి కాస్త తగ్గాడు.

"సరేలే. రేపట్నుంచి వీడికి నేర్పుతాను. నీ దగ్గరే ఉంటాను."

అక్క కళ్లు తెరిచింది.

"నాకు భయమేసింది పొద్దున," అంది. "రేపటికి తమ్ముడున్నాడు. మీరు వెళ్లండి."