వెన్నుపట్టీ

బైండరుకి భయం పొద్దున పదకొండింటికి మొదలైంది. అప్పటికి మూడు వందల పుస్తకాలు అట్టలు తొడుక్కుని బరువుల కింద ఆరుతున్నాయి. పేరు 'విజయ పాఠాలు'. తిరుగుబాటుదారుల్ని సైన్యం తుడిచిపెట్టి ఏడాదైంది. ఎలా గెలిచారో రాసుకున్నారు. గెలిచినవాళ్లకి పాఠాలు చెప్పే సరదా ఎక్కువ. మూడో అధ్యాయం పేరు 'ప్రజల్లో భయం పోయింది'. అచ్చు కాగితాలు మడుస్తూ బైండరు ఆ మాటని మూడు వందల సార్లు చూశాడు.

పన్నెండింటికి సైన్యం జీపు వస్తుంది.

కుట్టిన పుస్తకం వెన్నుకి చిత్తుకాగితం పట్టీ అంటించి, పైన అట్ట వేస్తారు. ఆ పట్టీ ఎవరి కంటా పడదు. పట్టీలు కత్తిరించే పని భార్యది. బల్ల కింద ఊడుస్తుంటే ఒక ముక్క ఆయన చేతికొచ్చింది. 'ఆయుధం దించం' అని ఉంది. మూడేళ్ల కిందట తిరుగుబాటుదారులు తుపాకీ బల్లమీద పెట్టి కుట్టించుకున్న ప్రచార పుస్తకాల్లో మిగిలిందది.

"ఇదెక్కడిదే?"

"అటక మీది కట్ట."

"కాల్చెయ్యమన్నానుగా."

"ఎవరింట్లో పొగొస్తోందో పక్కింటాయన సైన్యానికి చేరేస్తున్న రోజుల్లోనా? అయినా చిత్తు పారెయ్యొద్దని ఇరవయ్యేళ్లుగా నా ప్రాణం తోడుతున్నది ఎవరు?"

"వేటికి అంటించావు?"

"కట్ట అయిపోయేదాకా అంటించాను. ఇప్పుడు వేటికంటే ఏం చెప్పను?"

తెలియాలంటే అన్నిటి అట్టలూ చీల్చాలి. ఆయన కత్తి తీశాడు. వీధిలో జీపు ఆగింది. కత్తి పెట్టేశాడు.

కెప్టెన్ కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ మర్యాదకే బైండరు పట్టీ ముక్కని గుప్పిట్లో నలిపేశాడు. కెప్టెన్ ఒక పుస్తకం తీసి, నడిమికి తెరిచి, రెండట్టలూ వెనక కలిసేలా విరిచాడు. వెన్ను కిర్రుమంది. భార్య జిగురు గిన్నెలో కుంచె తిప్పుతూనే ఉంది.

"గట్టిగానే ఉందే. ఎన్నాళ్లొస్తుంది పెద్దాయనా?"

మీ మనవళ్లు కూడా చదువుకుంటారని చెప్పడం ఆయనకి అలవాటు. ఈసారి మాట మార్చాడు.

"మరీ విరవకుండా చదివితే... వస్తుందండీ."

"చదివేది సిపాయిలు. ఊడితే?"

"నా దగ్గరికే పంపండి సార్. ఇంకెవరి చేతా విప్పించకండి."

"పనంటే ఇంత పట్టింపుండాలి," అని కెప్టెన్ మెచ్చుకుని భుజం తట్టాడు.

జీపు వెళ్లాక భార్య గోడకి జారబడింది. "గండం గడిచిందండీ."

"గడవలేదే. అట్టలేసి పంపించాం, అంతే."

ఆ రోజు నుంచి గుమ్మం ముందు జీపు ఆగితే బైండరు దిగినవాడి మొహం చూడడు. చేతిలో పుస్తకముందేమో చూస్తాడు.