టేపమ్మ కుట్టిన చరిత్ర

విద్యాశాఖవాళ్ళు అరువిచ్చిన చరిత్ర పుస్తకాన్ని కోత బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టించి అట్ట ఊడదీసి, వీపు మీది కుట్లు ఒక్కొక్కటే తెంపుతున్న కోడల్ని చూసి అత్తగారు గబగబా దగ్గరికొచ్చింది.

“ఏమే, అది మనది కాదే! లోపల ఇంత గుండ్రటి ముద్ర ఉంది, చూళ్ళేదూ?”

“చూశానత్తయ్యా. ముద్రకేం కాదు.”

“ముద్రకేం కాదు సరే, మనకేమవుతుందో చూసుకో. పరాయి సొమ్ము చింపి పోగులు పెడతావేంటి?”

“చింపట్లేదు, కుట్లు విప్పుతున్నాను. చింపడానికీ విప్పడానికీ తేడా తెలీకుండానే ఇరవయ్యేళ్ళు ఈ బల్ల ముందు నిలబడ్డానా?”

ఆవిడ అసలు పేరు రేషను కార్డులో ఉంటే ఉండాలి గానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు. పొద్దున లేచింది మొదలు మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంటుంది కాబట్టి అందరికీ టేపమ్మే. ఎదుటి మనిషి పలకరించేలోపే భుజం ఎంత, చెయ్యి పొడవెంత అని కంటితోనే కొలిచేస్తుంది. ముందు గదిలో రెండు మిషన్లు, గోడవారగా కోత బల్ల, బల్ల మీద గుడ్డ జరక్కుండా పెట్టుకునే ఇనప పలక. వీధి చివరి బడి పిల్లల యూనిఫాంలు కుట్టేది ఆవిడే. ఆ బడి నుంచే తన ఇద్దరు కూతుళ్ళనూ మాన్పించింది కూడా ఆవిడే. నాలుగొందల మంది పిల్లలకు ఆ రంగు చొక్కాలు కుట్టి, సొంత పిల్లల చొక్కాలు మాత్రం మడతపెట్టి పెట్టెలో పడేసింది.

మాన్పించడానికి పెద్ద కథేం లేదు. పెద్దదానికి పదకొండేళ్ళు. ఆ నోట్లో నువ్వుగింజ నానదు. పాఠంలో ‘ఈ రాజు ఈ నగరాన్ని నిర్మించెను’ అని వస్తే లేచి, “మరి రాళ్ళు ఎవరు మోశారు టీచర్?” అంది. పిల్లలు నవ్వారు. టీచరు బయట నిలబెట్టింది. మరునాడు ఇంకో ప్రశ్న, ఇంకో శిక్ష. వారం తిరిగేసరికి ఆ పిల్ల ఇంట్లో కూడా మాట్లాడటం మానేసింది. అన్నం దగ్గర మాట లేదు, చెల్లెలితో పోట్లాట లేదు. టేపమ్మ పది రోజులు చూసింది. పదకొండోనాడు బడికి వెళ్ళి, పుస్తకాల సంచులు రెండూ రెండు భుజాలకూ తగిలించుకుని తిరిగొచ్చింది.

ఇంటి దగ్గర చదివించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కాకపోతే ఏడాదికోసారి విద్యాశాఖ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షించి సంతకం పెట్టాలి. మొదటి ఏడు లెక్కలు బాగున్నాయన్నాడు, భాష బాగుందన్నాడు. చరిత్ర దగ్గరికొచ్చేసరికి ‘సంతృప్తికరం కాదు’ అని రాశాడు. కారణం, ఇంట్లో ఆమోదించిన పుస్తకం లేదు. ఆ పుస్తకం ఆయనే అరువిచ్చి, నలభై రోజులు గడువు పెట్టాడు. ఈసారి కూడా తప్పితే పిల్లలిద్దరూ తిరిగి ఆ బడికే. ఈ మాట విన్న రోజున పెద్దది మళ్ళీ మూగనోము పట్టబోయింది. “నోరు మూశావంటే నేనే బడికి పంపిస్తా. అడుగు, ఏం అడగాలో అడుగు” అని టేపమ్మ కసిరింది.

ఆవిడ పుస్తకాలు ఎంచే పద్ధతి చూసి పాతపుస్తకాల దుకాణం తాత మొదట్లో నెత్తీ నోరూ బాదుకునేవాడు. ఎవరైనా పుస్తకం ముందు అట్ట చూస్తారు. ఈవిడ బట్ట తిరగేసి లోపలి కుట్టు చూసినట్టు వెనక నుంచి మొదలుపెడుతుంది. ఎవరి మాట విని రాశారో అక్కడ ఉందా? ఉంటే ఆ పేర్లలో కాయకష్టం చేసుకునేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? తర్వాత బొమ్మలు. నిగనిగలాడే కాగితం మీద అచ్చేసిన లావుపాటి పుస్తకం ఒకటి తాత ఎంతో మురిపెంగా చేతిలో పెడితే, రెండు పేజీలు తిప్పి తిరిగిచ్చేసింది.

“ఏం తల్లీ, దీనికేం రోగం?”

“ఐదొందల ఏళ్ళ కిందటి సిపాయన్నారు. చంక కింద చూడు, జిప్పుంది.”

తాత కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు. నిజమే. ఎవరో నాటకాల వేషగాణ్ణి ఫోటో తీసి వేసేశారు.

“బొమ్మే కదమ్మా!”

“చంకలో అబద్ధం పెట్టుకున్నవాడు నోట్లో నిజం పెట్టుకుంటాడా? ఇంకోటి చూపించు.”

అలా మూడు మధ్యాహ్నాలు తాత ప్రాణం తోడేశాక, అడుగున పడి ఉన్న సన్నపాటి పుస్తకం ఒకటి దొరికింది. ఒకప్పుడు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచిన తపాలా మనిషి, ఉద్యోగం దిగిపోయాక తను చూసినవీ విన్నవీ రాసి సొంతంగా అచ్చేయించుకున్నాడు. భాష గతుకుల రోడ్డు మీద బండిలా ఉంది గానీ ప్రతి సంగతి కిందా ‘ఇది నేను చూచితిని’ అనో, ‘ఇది ఫలానా వీధి చాకలావిడ చెప్పినది’ అనో రాసుకున్నాడు. టేపమ్మ ఆ పుస్తకాన్ని చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. టేపమ్మ ఒక అట్టలో రెండు పుస్తకాలు ఇమిడ్చింది. కుట్లు విప్పాక పుస్తకం మడతలు మడతలుగా విడిపోయింది. తపాలాయన పుస్తకాన్నీ అలాగే విప్పి, ఏ కాలం మడత పక్కన ఆ కాలం మడత పెట్టి, తోలు సంచులు కుట్టే లావు దారంతో కలిపి కుట్టేసింది. పిల్లలకు రెండు రకాల గుండుసూదులిచ్చింది. రెండు పుస్తకాలూ ఒకే మాట చెప్పిన చోట తెల్ల తల సూది, పేచీ పడ్డ చోట ఎర్ర తల సూది. ఎర్రసూది గుచ్చాక ఊరుకోకూడదు. ఎవరిది నిజమో వెళ్ళి కొలుచుకు రావాలి.

పుస్తకం ముళ్ళపందిలా తయారైంది. తపాలాయనకూ ఎర్రసూదులు తప్పలేదు. ఆయన ఊరి పాత గేటు తూర్పు ముఖం అన్నాడు. పిల్లలు పొద్దున్నే వెళ్ళి, ఎండ ఎటు పడుతుందో చూసి, ఉత్తరమని తేల్చారు. అన్నిటికంటే పెద్ద పేచీ నూలుమిల్లు దగ్గర వచ్చింది. వీధి అవతల కప్పులేని గోడలు మిగిలిన మిల్లే అది. ఆమోదించిన పుస్తకంలో దానికి దక్కింది ఒకే ఒక్క వాక్యం. మూతపడ్డ సంవత్సరం వేసి, ‘యంత్రములు పాతబడుటచే మూతపడినది’ అని ముగించారు. తపాలాయన మాత్రం, కూలి కోసినందుకు ఆడవాళ్ళు గేటు ముందు పంతొమ్మిది రోజులు కూర్చున్నారనీ, వాళ్ళు తిరిగి పనిలోకి దిగిన ఆరోనాడు యజమాని తాళం వేశాడనీ రాశాడు.

అత్తగారు ఆ మిల్లులోనే పన్నెండేళ్ళు పనిచేసింది. మనవరాలు చదువుతుంటే ఆవిడ కళ్ళెర్రజేసింది. “పంతొమ్మిదా? వాడి మొహం! నలభై రోజులు కూర్చున్నాం. ఆ నేల నా నడుముకి తెలుసు, వాడికేం తెలుసు?”

“ఎలా తెలుస్తుంది నాయనమ్మా?” అంది పెద్దది.

“నేను చెబుతున్నా కదే!”

“నువ్వు చెప్పావని రాసుకుంటాను. కానీ కొలవాలి కదా.”

అత్తగారు గొణుక్కుంటూనే బీరువా అడుగు నుంచి రేకు డబ్బా తీసింది. అందులో మిల్లు హాజరు కార్డు ఉంది. పనికి వెళ్ళిన రోజుకో చిల్లు. చివరి వరుసల్లో చిల్లులు ఆగిపోయిన గళ్ళను పిల్లలిద్దరూ రెండుసార్లు లెక్కపెట్టారు. పంతొమ్మిది ఖాళీలు, ఆపైన ఐదు చిల్లులు, ఆ తర్వాత ఏమీ లేదు.

పెద్దది ఎర్రసూది చేతిలో పట్టుకుని బిక్కుబిక్కుమంటూ నాయనమ్మ వైపు చూసింది.

“నాక్కూడా గుచ్చుతావుటే? మూడు పూటలా నా చేతి ముద్ద తింటూ?”

టేపమ్మ మిషను ఆపలేదు, తల తిప్పలేదు. “గుచ్చవే. నాయనమ్మకో కొలతా ఊరికో కొలతా ఉండవు” అంది.

యంత్రాల సంగతి తేల్చింది ఎనిమిదేళ్ళ చిన్నది. కోత బల్ల మీది ఇనప పలక, మిల్లు సామాను తుక్కు కింద తరలిస్తుంటే అత్తగారు తను నడిపిన మిషను నుంచి ఊడదీసి గుర్తుగా తెచ్చుకున్నది. ఇన్నేళ్ళూ గుడ్డ మీద బరువుగా పనికొచ్చిందే తప్ప దాన్ని చదివినవాళ్ళు లేరు. చిన్నది దాని మీద కాగితం పరిచి, బట్ట మీద గీతలు గీసే సుద్దతో రుద్దుతూ ఆడుకుంటుంటే ‘తయారీ’ అన్న మాటా, పక్కనే అంకెలూ తేలాయి. అది యంత్రం తయారైన సంవత్సరం. ఆమోదించిన పుస్తకం చెప్పిన మూసివేత సంవత్సరానికి సరిగ్గా నాలుగేళ్ళ ముందరిది.

“నాలుగేళ్ళకే పాతబడిందట! నా మిషన్లు చూడు, నీకంటే పెద్దవి” అంది టేపమ్మ.

నలభయ్యోనాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన గుడ్డసంచి. చొక్కాకి మూడో బొత్తాం వేరే రంగు దారంతో కుట్టి ఉండటం గడప దాటకముందే టేపమ్మ కంట్లో పడింది. కుర్చీలో కూర్చుని, “పుస్తకం తీసుకురండి” అన్నాడు. తెచ్చిన దాన్ని చూసి కుర్చీలోంచి సగం లేచాడు.

“ఏంటమ్మా ఇది! ప్రభుత్వ పుస్తకం ఇది!”

“అవును సార్. మీరిచ్చిన దాంట్లో ఒక్క కాగితం పోలేదు. లెక్క చూసుకోండి.”

“దీంట్లో ఇంకేదో కలిపి కుట్టారు!”

“అదొక్కటే చదివితే దానికి ఎదురు చెప్పేవాళ్ళు లేరు సార్. అందుకని జోడీ కుదిర్చాను.”

ఆయన కోపం దిగమింగుకుని, పిల్లల్ని గంటసేపు అడిగాడు. చిన్నది తేదీలు గడగడా చెప్పింది. పెద్దది ప్రతి జవాబుకీ ఎవరు చూశారో, ఎవరు చెప్పారో కలిపి చెప్పింది. చివరి ప్రశ్న రాతలో. ఎక్కణ్ణుంచి పడిందో గానీ, నూలుమిల్లు ఎందుకు మూతపడిందన్నదే పడింది. పెద్దది పేజీ నిండా రాసిచ్చింది.

ఆయన చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించి, “చూడమ్మా, పాపకి బాగా వచ్చు. నేను కాదనను. కానీ దీనికి జవాబు పుస్తకంలో ఒక్క వాక్యం. ఆ వాక్యం రాసి మిగతాది కొట్టేస్తే ఇప్పుడే సంతకం పెట్టి వెళ్ళిపోతాను” అన్నాడు.

పెద్దది తల్లి వైపు చూసింది. బడి గేటు ఆ పిల్ల కళ్ళలోనే కనబడుతోంది. టేపమ్మ బల్ల మీది కాగితాన్ని తిరిగి ఆయన వైపు జరిపింది.

“ఆ వాక్యం రాసే ఉంది సార్, మొదటి వరసలోనే. ‘అని ఈ పుస్తకం చెబుతోంది’ అని కూడా ఉంది. మిగతాది కొట్టెయ్యదు. కొలిచి తెచ్చింది కొట్టెయ్యమని నేను చెప్పను.”

“అయితే సంతకం...”

“మీ చేతిలో పని. పెట్టకపోతే బడికే వెళ్తారు. అక్కడ కూడా ఇదే రాస్తారు. అప్పుడు ఒక్క ఇంట్లో కాదు, నలభై మంది మధ్యలో కూర్చుని రాస్తారు. ఆలోచించుకోండి.”

అత్తగారు మూలనుంచి, “తాతకు దగ్గులు నేర్పుతున్నాడమ్మా. మిల్లులో పనిచేసిందాన్ని నేనిక్కడ కూర్చుని ఉండగానే!” అంది.

ఇన్‌స్పెక్టరు ముఖం గంటు పెట్టుకుని, “ముందు నా పుస్తకం నాకిచ్చెయ్యండి, వెళ్తాను” అన్నాడు.

“అరగంట కూర్చోండి. ఎలా ఇచ్చారో అలాగే ఇస్తాను. అంతకంటే గట్టిగా ఇస్తాను.”

టేపమ్మ లావు దారం తెంపి, మడతలు వేరుచేసి, ఆయన కళ్ళముందే కుట్టు మొదలుపెట్టింది. చేసేదేమీ లేక ఆయన పెద్దదాని కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి చివరిదాకా చదివాడు. చదివి ఆగాడు.

“ఇదేంటి? ‘నలభై రోజులని మా నాయనమ్మ చెప్పింది, కార్డు ప్రకారం అది సరికాదు’ అని రాసిందే!” ముసలావిడ వైపు తిరిగాడు. “మిమ్మల్నే తప్పుపట్టిందా అండీ?”

“పట్టింది, పాముని పట్టినట్టు పట్టింది. పంతొమ్మిదేనట. ఆకలితో కూర్చున్నవాళ్ళకి నలభై లాగే ఉంటాయి బాబూ, కార్డుకేం తెలుసు” అంది అత్తగారు.

ఆయన నవ్వలేదు. హాజరు కార్డు అడిగి తీసుకుని, వేలితో ఒక్కొక్క గడీ లెక్కపెట్టాడు. తర్వాత ఇనప పలక అడిగాడు. అది ఖాళీగా లేదు. టేపమ్మ వీపుకి బంక రాసి, అట్ట అతికించి, ఆరేదాకా ఆయన పుస్తకం మీద ఆ పలకనే బరువు పెట్టింది. ఆయన వంగి, అంకెలు అక్కడే చదువుకున్నాడు.

“నాయనమ్మని కూడా వదల్లేదు కదా” అని తనలో తాను అనుకున్నట్టుగా అని, ఫారం తీశాడు. ‘ఆమోదించిన పుస్తకము ఉపయోగించబడినదా?’ అన్న చోట టిక్కు పెట్టాడు. చరిత్ర ఎదురుగా ‘సంతృప్తికరం’ అని రాసి సంతకం చేశాడు. పెద్దదాని కాగితం మడిచి ఫారానికి జతచేశాడు. “పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకోవాలి” అన్నాడు విసుగ్గా.

“ఆ పలక మీద ఉన్నదే చెప్పండి సార్” అంది చిన్నది.

బంక ఆరాక ఆయన పుస్తకం అందుకుని, పేజీలు సర్రున తిప్పాడు. కొత్త పుస్తకం కన్నా గట్టిగా ఉంది. సూదులన్నీ తీసేసి ఉన్నాయి. మిల్లు పేజీ దగ్గర మాత్రం ఆయన బొటనవేలు ఆగింది. ఆ ఒక్క వాక్యం పక్కన ఎర్ర తల సూది అలాగే ఉంది.

“ఇక్కడ సూది మర్చిపోయారమ్మా.”

టేపమ్మ మెడలో టేపు సర్దుకుంది. “సార్, ఇరవయ్యేళ్ళుగా నాలుగొందల మంది పిల్లలకి బట్టలు కుడుతున్నాను. నేను సూది మర్చిపోయిన బట్ట ఈ ఊళ్ళో ఒక్కటి చూపించండి.”

ఆయన ఆవిడ వంక చూశాడు, సూది వంక చూశాడు. వేలికి గుచ్చుకోకుండా పుస్తకం జాగ్రత్తగా మూసి, సూదితో సహా సంచిలో పెట్టుకున్నాడు. గడప దాటుతుంటే టేపమ్మ వెనక నుంచి కేకేసింది.

“ఆ మూడో బొత్తాం ఊడేలా ఉంది సార్. ఆగితే రెండు నిమిషాల్లో సరైన రంగు దారంతో కుట్టిస్తాను!”