బాక్ లైన్ దగ్గర ఆగిపోయిన తేజ

2023లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులు. టెక్కలిలో ఒక డిగ్రీ కాలేజీలో నేను గ్రౌండ్‌మన్‌ని. ఏడో తరగతితో బడికీ నాకూ చెల్లిపోయింది. ఆ తర్వాత ఇన్నేళ్లుగా కాలేజీలోనే ఉన్నాను, ఒక్క క్లాసుకీ వెళ్లకుండా. గడ్డి చెక్కడం, నేల తడిపి చదును చేయడం, సున్నంతో గీతలు వేయడం నా పని. మా ఆటల మాస్టారిని పీడీ అంటారు, అంటే ఫిజికల్ డైరెక్టర్. ఆయన విజిల్ వేస్తే జట్టంతా పరిగెడుతుంది. నేను వేస్తే గ్రౌండ్లో పడుకున్న కుక్క కూడా లేవదు.

ఆ ఏడు మా కబడ్డీ జట్టు ఆడిన ఐదు మ్యాచ్‌లూ ఓడిపోయింది. అన్నీ బయటి గ్రౌండ్లలోనే. ఓడిపోవడం మాకు కొత్తేమీ కాదు. కానీ ఈసారి ప్రతి ఓటమీ ఒకే మనిషి దగ్గర మొదలవుతోంది. అతను మా మొదటి రైడర్ తేజేశ్వరరావు. కంచిలి వైపు ఊరు, వాళ్ల నాన్న జీడితోటల్లో కూలికి వెళ్తాడు. ఇక మిగిలింది ఒకే మ్యాచ్. దానికి యూనివర్సిటీ సెలెక్టర్లు వస్తున్నారు. ఆ జట్టులో చోటు కోసమే తేజ రెండేళ్లుగా మట్టిలో పొర్లుతున్నాడు.

కబడ్డీలో నడి గీత దాటి అవతలికి వెళ్లేవాడు రైడర్. అవతలి సగంలో బాక్ లైన్ అని ఒక గీత ఉంటుంది. ఎవరినీ ముట్టకుండా, ఆ గీతా దాటకుండా తిరిగొస్తే అవుట్. తేజ సరిగ్గా అక్కడే అవుట్ అవుతున్నాడు. మా గ్రౌండ్లో ప్రాక్టీసప్పుడు గీత దాటి నవ్వుకుంటూ వస్తాడు. బయట మాత్రం జానెడు ఇవతలే ఆగిపోతాడు.

కావాలనే ఆగిపోతున్నాడేమోనని నాకు అనుమానం పుట్టింది. పలాస వైపు జట్టు చేతిలో ఓడిన రోజు, సామాన్లు ఆటోలో సర్దుతూ చూశాను. తేజ మాతో రాకుండా ఎదుటి జట్టువాడి బండెక్కాడు. ఆరా తీస్తే అతను తేజ అక్క మొగుడికి తమ్ముడట, వరసకి బావ.

మర్నాడు సున్నం కలుపుతూ గాలం వేశాను.

"ఏటి తేజా, బావ బండి మెత్తగా ఉందేటి?"

"అక్కకి జ్వరమంటే సూసొచ్చినాను మావా."

"జ్వరం నీ కాళ్లక్కూడా అంటుకుందేటి? గీత కాడికెల్తే కదలవు!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. వాడు నవ్వలేదు. ఆ నవ్వకపోవడం కూడా నాకు సాక్ష్యంలాగే కనిపించింది. నేరుగా పీడీ గారి గదికి వెళ్లాను.

"సార్, ఆడు దాటలేక కాదు, దాటకూడదనే ఆగిపోతన్నాడు. ఇక్కడ దాటినోడు అక్కడ దాటలేడేటి?"

ఆయన ఆ మధ్యాహ్నమే చివరి మ్యాచ్ జాబితాలోంచి తేజ పేరు కొట్టేశారు. అప్పట్నుంచి జట్టంతా ఒకచోట క్యారేజీలు విప్పితే, వాడు సైకిల్ స్టాండు మెట్ల మీద ఒక్కడే తినేవాడు.

మూడోనాడు వాడే నా దగ్గరికి వచ్చాడు.

"మావా, మన గ్రౌండ్లో మూడంగల్లో బాక్ లైన్ దాటీస్తాను. బయట అవే మూడంగలేస్తే గీత ముందరే ఉండిపోతంది. ఎందుకంటావు?"

"నీ బావనడుగు, సెప్తాడు."

"నాను కిందికి సూడను మావా. ఎదుటోళ్ల కళ్లే సూడాలని పీడీ గారు నేర్పినారు. కాళ్లకేటి గుర్తుంటే అదే సేత్తాయి."

"అయితే ఆ కాళ్లనే అడుగు" అన్నాను.

వాడు వెళ్లాక, ఆ అబద్ధమేదో తేల్చేద్దామని, ప్రహరీ కడుతున్న మేస్త్రి దగ్గర స్టీలు టేపు అడిగి తెచ్చాను. నడి గీత నుంచి బాక్ లైన్‌కి మూడు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్లు ఉండాలి. నా గీత మూడున్నర దగ్గరే ఉంది. మళ్లీ కొలిచాను. టేపు నాకంటే మొండిది, మాట మార్చలేదు.

నేను టేపుతో గీతలు వేసేవాణ్ని కాదు. కొబ్బరి తాడుకి కొలతల దగ్గర ముడులు వేసి ఉంచుకున్నాను, ఏళ్ల తరబడి అదే నా టేపు. వేసవిలో పెరట్లో కూలిన కొబ్బరి దుంగని లాగడానికి అదే తాడు వాడితే తెగింది. రెండు కొసలూ కలిపి గట్టిగా ముడేశాను. ముడి ఎంత బలంగా ఉందో చూసుకున్నాను గానీ, అది ఎంత తాడు మింగిందో చూసుకోలేదు. మిగతా రైడర్లు గీత చూసుకుంటూ నెమ్మదిగా వెళ్లి దొరికిపోయేవారు. తల దించకుండా ఆడిన తేజ మాత్రం నా తప్పుడు గీతని కాళ్లలో నింపుకుని ఊరూరా మోశాడు.

ఎవరూ చూడకుండా గీత సరిచేసి ఊరుకుందామా అనిపించింది. అబద్ధమెందుకు, చాలాసేపే అనిపించింది. చివరికి తాడూ టేపూ పట్టుకుని పీడీ గారి దగ్గరికి వెళ్లాను.

"అప్పన్నా, వాడి మీద నేరం మోపే ముందు ఇది కొలవాలని తోచలేదా?" అన్నారాయన. తేజ పేరు మళ్లీ రాశారు.

సరైన కొలతతో గీత మళ్లీ వేసేసరికి మ్యాచ్‌కి రెండే రోజులు మిగిలాయి. ఆటలో తేజ మొదటి రెండు రైడ్లూ గీత దాటి వచ్చాడు. ఆ తర్వాత వేగం అందుకునేసరికి కాళ్లు పాత లెక్కకి వెళ్లిపోయాయి. రెండుసార్లు అవుట్. మేము ఆరో మ్యాచ్ కూడా ఓడిపోయాం. సెలెక్టర్లు రాసుకున్న పేర్లలో తేజ లేడు.

ఆ సాయంత్రం జట్టంతటినీ కూర్చోబెట్టి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అందరూ విన్నారు. కాళ్లు కడుక్కుంటూ తేజ కూడా విన్నాడు. మా కెప్టెన్ మాత్రం నా పక్కకి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"తాడు సంగతి సరే మావా. ఆడి మీద ఇంకేటైనా తెలుసేటి నీకు?"

ఇప్పుడు టేపుతో రెండుసార్లు కొలిచి గాని సున్నం వేయను. అది సులువైన పాఠమే. కెప్టెన్‌కి అలా అడగడం నేర్పింది నేనేనన్నది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.