పదిహేడో మనిషికి జాగా

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి వచ్చిన మేనల్లుడు, బషీర్‌బాగ్‌లోని తన ఆఫీసు సర్వర్‌కు కొత్త మెమరీ వేసి, ఆ ఒక్క మిషన్నే లోపల నాలుగుగా విడదీశామనీ, ఇక ఎంతమంది వచ్చినా ఫికర్ లేదనీ గొప్పగా చెబుతుంటే, పప్పన్నం కలుపుతున్న నా మనసు నాంపల్లికి వెళ్లిపోయింది.

స్టేషన్‌కు పోయే దారిలో, ఓ పాత మేడ మీద ఉండేది ఆసుపత్రి బిల్లులు ఎక్కించే మా ఆఫీసు. మా బల్లల మీదున్నవి పేరుకే కంప్యూటర్లు, ఉత్త తెరా కీబోర్డూను. అందరి పనీ జరిగేది ఏసీ గదిలోని ఒకే ఒక్క సర్వర్‌లో. దాని బాగోగులు చూసేది నేను. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, సర్వర్ జోలికి వస్తే మరీను. పదహారు మంది దాకా అది బుద్ధిగా పనిచేసేది; పదిహేడో మనిషి లాగిన్ అయితే చాలు, అందరి తెరలూ ఎక్కడివక్కడ బిగుసుకుపోయేవి.

ఆ పదిహేడో మనిషి మా వదిన. అన్నయ్య పోయాక, ఇప్పటి ఈ మేనల్లుణ్నే చంకనేసుకుని మెదక్ నుంచి వస్తే, నేనే మేనేజరు గారిని బతిమాలి పనిలో పెట్టించాను. వారం తిరక్కుండానే ఆయన, పాత మిషన్ ఇంక మెమరీ పట్టదనీ, పని ఇలాగే వెనకబడితే శనివారం నుంచి చివర వచ్చినవాళ్లను ఆపేయక తప్పదనీ చెప్పేశారు. ఆ జీతం తప్ప ఆమెకు వేరే దారి లేదు. రెండు రోజులు నేను వదిన మొహంలోకి చూడలేకపోయాను.

సరిగ్గా అప్పుడే, మేమంతా కాకా అని పిలిచే పెద్దాయన, మా అందరిలోకీ చెయ్యి వేగం ఉన్నవాడు, రోజూ పదకొండు కాగానే తెర ఆర్పేసి గంటసేపు మాయమవడం మొదలుపెట్టాడు. తెర ఆర్పితే ఏం లాభం, లాగౌట్ చేయకపోతే సర్వర్‌లో ఆయన చోటు ఆయనకే ఉండిపోతుంది కదా! నాకు ఒళ్లు మండి, ఆబిడ్స్‌లో చాయ్ తాగి వస్తున్న ఆయన్ని మెట్ల మీదే ఆపి, వయసైనా చూడకుండా నాలుగు మాటలు అనేశాను.

ఆయన నొచ్చుకోలేదు. "నేను గాడనే కూసుంటే నీ వదినకు జాగా యాడికెల్లి వస్తది బిడ్డా? గందుకే జర లేస్తున్న," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆయన పక్కన కూర్చుని లాగౌట్ చేయడం చూపించాను. ఈ సంగతి తెలిసి తక్కినవాళ్లూ వంతులు వేసుకున్నారు. ఎప్పుడు చూసినా ఒకరు బయట, పదహారు మంది పనిలో, లేచినవాళ్ల బిల్లులు మిగతావాళ్ల చేతుల్లో. శనివారం వచ్చింది, పోయింది. మేనేజరు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

కొన్ని నెలలకు కొత్త మిషన్ వచ్చింది. ఆ ఒక్క పెట్టెలోనే రెండు సర్వర్లు నడిపించి, నలభై మందికి చోటు చేశానని నేను ఒకటే మురిసిపోయాను. మర్నాడు పదకొండుకు కాకా అలవాటుగా లేచాడు.

"కూసోండ్రి కాకా, ఇగ అందరికీ జాగా ఉన్నది," అంది వదిన.

కూర్చున్నాడు గానీ, కాసేపటిదాకా ఏం చేయాలో తోచనట్టు కీబోర్డు ముట్టుకోలేదు.

ఇప్పుడు ఎవరింట్లో వాళ్లు కూర్చునే పనిచేసుకుంటున్నారు, ఎంతమందైనా పడుతున్నారు. మంచిదే, మెమరీ చాలక ఏ తల్లి ఉద్యోగమూ పోకూడదు. కానీ ఆ సర్వర్‌లో తమ పక్కనున్నది ఎవరో కూడా వాళ్లకు తెలియదు. ఎవరికోసం ఎవరూ లేవాల్సిన పనీ లేదు.