కుడి పక్కటెముకల కింద

ఆ సర్జను పోయాడని తెలిసినప్పుడు నాకు బాధ కలగలేదు. అతని వేళ్లు మాత్రం గుర్తొచ్చాయి. కర్నూలు ఆసుపత్రిలో వాటిని మా అమ్మ కుడి పక్కటెముకల కింద గుచ్చి, "గాలి పీల్చమ్మా" అనేవాడు. పిత్తాశయంలో రాళ్లుండి వాపు వస్తే, నొప్పికి ఊపిరి సగంలో ఆగిపోతుందట. అమ్మ కెవ్వుమనేది. అతను నవ్వి, విద్యార్థులతో "చూశారా!" అనేవాడు. కొత్త గుంపు వచ్చినప్పుడల్లా అదే ఆట.

ఆపరేషను రోజు పొద్దున కూడా గుచ్చాడు. అమ్మ కొంగు పళ్ల మధ్య కరుచుకుని, నిండా గాలి పీల్చింది.

"వాపు తగ్గింది. కోసే పనిలేదు, తీసుకుపో" అన్నాడు, మొహం మాడ్చుకుని.

మా ఊరు నందికొట్కూరు చేరకముందే అమ్మ బండిలోనే పోయింది. పోయే ముందు, "నొప్పని ఎందుకు చెప్పల్యామ్మా?" అని అడిగాను.

"అంతమంది ముందర నగుతాండాడు నాయనా. ఇంగ వాన్ని నగనీయను" అనింది.