నోనీ అన్న మాట ఎక్కడిది

అమ్మ నన్ను చిన్నప్పుడు "నోనీ" అని పిలిచేది. అది తెలుగు మాటేననుకునేదాన్ని. భిలాయిలో కూలీల బస్తీ క్యాంప్ 1లో మా సందంతా ఉక్కు కార్ఖానా కట్టడానికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. అందరిళ్ళలోనూ ఆడపిల్ల నోనీయే. డెబ్భైల చివర్లో దుర్గ్ కాలేజీలో ఎం.ఏ. చదువుతుండగా ఒక ఛత్తీస్‌గఢీ స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నాయనమ్మ నన్ను చూసి "ఆ నోనీ, బైఠ్" అంది, రా పిల్లా, కూర్చో అని. ఆ మాట వాళ్ళదని తెలిసి గుమ్మంలోనే నిలబడిపోయాను.

అప్పట్నించి మా సందు ఆడవాళ్ళ తెలుగులో కలిసిపోయిన ఛత్తీస్‌గఢీ మాటలు ఏరడం మొదలుపెట్టాను. అది చూసి మా మాస్టారు, "ఇది పరిషత్తు సభలో చదువు" అన్నారు.

పరిషత్తంటే ఆ ప్రాంతపు చరిత్ర, భాష మీద పనిచేసేవాళ్ళ సంఘం. కాలేజీ అధ్యాపకులు, పల్లెబడి పంతుళ్ళు, రిటైరైన ఒక రైల్వే గార్డు కూడా అందులో ఉండేవారు. ఏడాదికోసారి కలిసేవారు.

అమ్మ నవ్వింది. "మన మాటల మీద రాస్తావేటే? సదూకున్నోళ్ళు నవ్వరేటి?"

నా భయమూ అదే. పైగా నా వంతు భోజనాల తర్వాత వచ్చింది. రాయపూర్‌లో సభ జరిగే పెద్ద హాల్లోకి అడుగుపెడుతూ, పెద్దవాళ్ళంతా ఈపాటికి రైలెక్కేసి ఉంటారనుకున్నాను. తీరా చూస్తే ముందు వరస నిండిపోయి ఉంది. లైబ్రరీలో అట్టల మీద నేను చూసిన పేర్లన్నీ మనుషులై, కాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాయి. కొత్తవాళ్ళు చదివేటప్పుడు పెద్దలు లేచి వెళ్ళకూడదన్నది వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న నియమమని తర్వాత తెలిసింది.

కాగితాల్లోంచి తలెత్తకుండా చదివాను. ఎవరూ నవ్వలేదు. పరిషత్తు అధ్యక్షురాలు, చెవిలో మిషను పెట్టుకున్న పెద్దావిడ, లేచి హిందీలో అడిగారు.

"మాటలు బాగా ఏరావు బేటీ. ఈ నోనీ అన్నది మీ ఇంట్లోకి ఎవరి నోటి నుంచి వచ్చింది?"

"తెలీదండీ."

"మీ అమ్మగారికి తెలుసేమో?"

ఆవిడ గొంతులో తప్పు పట్టడం లేదు, నిజంగా తెలుసుకోవాలన్న ఆశ ఉంది. సభ ముగిశాక వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడారు. "మాట గురించి అడక్కు. పని గురించి అడుగు. పక్కన ఎవరు మోశారు, కలిసి ఎవరితో తిన్నారు, అది అడుగు" అన్నారు. వచ్చేటప్పుడు గార్డుగారు సంఘం టేప్‌రికార్డరు నా చేతిలో పెట్టారు. "జాగ్రత్త దీదీ, దీనికోసం ఇంకొకాయన కాచుక్కూర్చున్నాడు" అన్నారు. నాలాంటి పిల్లని అంత పెద్దాయన దీదీ, అంటే అక్కా, అనడం నేను మరిచిపోలేదు.

ఇంటికొచ్చి అమ్మని కార్ఖానా కట్టిన రోజుల గురించి అడిగాను. తోటకూర తుంచుతూ చెప్పుకొచ్చింది.

"నువ్వు పుట్టినప్పుడు నాకు జొరం. పాలు పడ్నేదు. నా పక్కన మట్టి తట్టలు మోసీ మనిషి, ఈ సుట్టుపక్కల ఊళ్ళ మనిషే, దానికీ సంటిపిల్లుంది. నిన్నెత్తుకొని 'నోనీ, నోనీ' అంటూ దాని పాలే పట్టీది. దాని బాస నాకు తెల్దు, నా బాస దానికి తెల్దు."

"ఆవిడ పేరేంటమ్మా?" అన్నాను.

"పేరెవలికి తెలుసు? నేను అప్పా అనీదాన్ని. అదీ నన్ను అప్పా అనే పిలిసీది. పని అయిపోనాక దాని ఊరు అదెల్లిపోనాది."

మా వైపు అక్కని అప్ప అంటారు. ఇన్నాళ్ళూ నేను మాటల కోసం ఊరంతా తిరిగాను. నన్ను బతికించిన మనిషి ఒకావిడ ఉందని ఆ పూటే తెలిసింది.

అధ్యక్షురాలికి చెబితే, ఆ కథంతా రాసి, ఆమెను వెతకమని ఊళ్ళలో ఉన్న సభ్యులందరికీ ఆవిడే కబురు పెట్టారు. మరుసటేడు సభలో బాలోద్ వైపు నుంచి ఒక పంతులుగారు లేచారు. "ఆమె దొరకలేదు. కానీ భిలాయి మట్టిపనికి వెళ్ళొచ్చిన మా ముసలమ్మలు ఒకర్నొకరు అప్పా అని పిలుచుకుంటారు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. నాకు ఇప్పుడు తెలిసింది."

అధ్యక్షురాలు చెవి మిషను సరిచేసుకుని, "మళ్ళీ చెప్పండి" అన్నారు. ఆయన మళ్ళీ చెప్పారు. ఒక మాట మాకిచ్చి, ఒక మాట మా దగ్గర తీసుకుని, ఆ తల్లులు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. తలో ఊళ్ళో ఉన్న ఇంతమంది కలిసి వెతికితే గాని ఆ సంగతి బయటపడలేదు.

ఆ వ్యాసం పరిషత్తు పత్రికలో అచ్చయింది. తర్వాత ఆ పెద్దావిడ దగ్గరే నా పరిశోధన సాగింది. అమ్మకి మాత్రం పత్రిక సంగతి పట్టలేదు.

"నన్నా ఊరు తీసుకెల్లు" అంది.

పంతులుగారే బస్టాండుకి వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళారు. ముసలమ్మలు అరుగు మీద కూర్చుని ఉన్నారు. అమ్మ ఒక్కొక్కరి మొహమూ తేరిపార చూసింది. మనకి కావలసిన మనిషి లేదన్నట్టు నాకేసి తల అడ్డంగా ఊపింది. అయినా చెప్పులు విప్పి, వాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చుంది.