చెక్కలన్న కింద పడనివ్వడు

చెక్కలన్న గుద్దితే నిలబడగలిగిన మనిషిని నేను చూడలేదు. చెక్కలన్న గుద్దితే కింద పడ్డ మనిషినీ చూడలేదు. రెండూ నిజమే. గుద్దేదీ ఆయనే, పడేలోపు పట్టుకునేదీ ఆయనే.

ఎదుటివాడి దవడ మీద ఎడమచేత్తో ఒక్కటిచ్చేవాడు. వాడి కళ్ళు పైకి తేలి, మోకాళ్ళు మడతపడి, వెనక్కి ఒరగబోయేలోగా ముందుకు దూకి, రెండు చంకల కిందా చేతులు దూర్చి, నిద్రపోయిన పసివాణ్ణి మంచం మీంచి ఎత్తుకున్నట్టు పట్టుకునేవాడు. ఇదెక్కడి బాక్సింగ్ అని అడిగిన ప్రతివాడికీ ఒకటే జవాబు.

“కింద బల్లలున్నాయి. పగుల్తాయి.”

ఆయన వృత్తికి వడ్రంగి. మేం బాక్సింగ్ నేర్చుకునే హాలు ఒకప్పుడు గోదాము. అందులో రింగుకు కింద చెక్కలు పరిచింది ఆయనే. ఒక్కో బల్లనీ చిత్రిక పట్టి, అంచులు ఒకదాన్నొకటి కావలించుకునేలా బిగించి, మేకు తల ఎక్కడా చేతికి తగలకుండా లోపలికి దిగ్గొట్టి, పైన పాత బొంత, దానిపైన మందపాటి కాన్వాస్ గుడ్డ పరిచాడు. ఆ బల్లల మీద ఆయనకున్న ప్రేమ చూసి ఊళ్ళో వాళ్ళు పెట్టిన పేరే చెక్కలన్న. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుండేదో లేదో.

ఆ ఎడమచేతి దెబ్బ గురించి మా మనవలకు చెబితే తాత మళ్ళీ మొదలెట్టాడంటారు. అననివ్వండి. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. లెక్క తప్పినప్పుడు సిస్టర్ చూసే చూపును మించి భయపడాల్సింది లోకంలో లేదనుకునేవాణ్ణి. చెక్కలన్న దెబ్బ చూశాక సిస్టర్‌ను క్షమించేశాను. ఆయన కొడితే ఇసుకమూట దూలం దాకా ఎగిరి, దిగి రావాలా వద్దా అని కాసేపు ఆలోచించుకునేది. దూలం మీది పావురాలు ఆయన గ్లోవ్స్ తొడుక్కోవడం చూడగానే వరసగా కిటికీలోంచి బయటికెళ్ళి, విప్పాక తిరిగొచ్చేవి. నా కళ్ళతో చూశాను.

నేను చదువైపోయి, ఉద్యోగం దొరక్క, గుద్దులైతే పుష్కలంగా దొరుకుతాయని ఆ హాల్లో చేరాను. మొదటిరోజు రింగులోకి కాలు పెట్టబోతే చెక్కలన్న చెయ్యి అడ్డం పెట్టాడు. గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకోమన్నాడు. తుడిచాను. మడమలు కూడా అన్నాడు. మడమలూ తుడిచాను. అప్పటికీ తృప్తి పడక, అరికాళ్ళు ఎత్తి చూపించమన్నాడు. గుర్రానికి నాడా కొట్టేవాడి ముందు గుర్రం నిలబడ్డట్టు నిలబడ్డాను.

ఇది నా ఒక్కడికే కాదు. పక్క జిల్లా నుంచి ఒక పతకాల వీరుడు వచ్చాడు. మెడలో మూడు వరసల పతకాలు, వెనక మోసేందుకు మనుషులు. ఆయన్నీ గోనెపట్టా ఎక్కించాడు. రింగులో నీళ్ళ బకెట్ పెట్టకూడదు. ఉమ్మకూడదు. ఆట మధ్యలో విరామం వస్తే మిగతా బాక్సర్లు స్టూలు మీద కూలబడి రొప్పుతుంటారు. చెక్కలన్న మాత్రం మోకాళ్ళ మీద వంగి, గ్లోవ్ వెనకవైపుతో బల్లల్ని తట్టుతూ, చెవి ఆనించి వినేవాడు. కొత్తవాళ్ళు అది ప్రార్థన అనుకుని వాళ్ళూ కళ్ళు మూసుకునేవాళ్ళు.

నేను చేరిన ఆ మొదటిరోజు సాయంత్రమే నాకు ఆయనతో ఆట పడింది. మెల్లగానే కొడతానన్నాడు. కొట్టాడు కూడా మెల్లగానే. నాకు దూలం కనిపించింది, పావురాలు కనిపించాయి, ఆ తర్వాత చెక్కలన్న ముఖం తలకిందులుగా కనిపించింది.

“నేను పడిపోయానా అన్నా?”

“పడలేదు.”

“చాలా థాంక్స్ అన్నా.”

“నీకోసం కాదురా. నువ్వు పడే చోట కొత్త బల్ల వేశాను.”

బాక్సింగ్‌లో ఒక చిక్కుంది. పాదాలు తప్ప ఒంట్లో ఇంకేదైనా నేలకు తగిలితేనే రిఫరీ మనిషి పడ్డట్టు లెక్క వేసి అంకెలు మొదలెడతాడు. పది దాకా లేవకపోతే నాకౌట్. చెక్కలన్న ఎవర్నీ నేలకు తగలనివ్వడు కాబట్టి ఆయనకు నాకౌట్ అనేదే లేదు. స్పృహలేని మనిషిని కావలించుకుని ఆయన నిలబడి ఉంటే, రిఫరీ వాళ్ళ చుట్టూ తిరిగేవాడు. చూసేవాళ్ళకు అన్నదమ్ములు చాలాకాలానికి రైల్వే ప్లాట్‌ఫాం మీద కలుసుకున్నట్టుండేది.

“వదిలెయ్యవయ్యా,” అనేవాడు రిఫరీ.

“వదిలితే పడతాడు సార్.”

“పడితేనే కదా నేను లెక్కపెట్టేది.”

“మీరు లెక్కపెట్టుకోండి సార్. నేను పట్టుకుంటాను.”

ఈలోగా గంట మోగేది. ఎదుటివాడు తేరుకునేవాడు. చెక్కలన్న ఎంత గొప్ప దెబ్బ కొట్టినా పాయింట్ల మీద, అదీ పట్టుకున్నందుకు కోత పోగా మిగిలిన పాయింట్ల మీద, ముక్కుతూ మూలుగుతూ గెలవాల్సి వచ్చేది.

దీనికి అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా మాస్టారు. హాలు నడిపేదీ, మాకు నేర్పేదీ ఆయనే. ఒకప్పుడు పేరున్న బాక్సరట. ముక్కు ముఖానికి అంటుకుపోయి ఉండేది. ఎండైనా వానైనా టోపీ తీసేవాడు కాదు. ఎప్పుడైనా తీస్తే తల వెనక ఇంత పొడుగు మచ్చ. అది తన ఆఖరి పోటీలో తగిలిన దెబ్బని చెప్పేవాడు. ఆ పోటీ కథ మాత్రం చెప్పిన ప్రతిసారీ మారేది. ఒకసారి ప్రత్యర్థి గ్లోవ్‌లో గుర్రపు నాడా దాచాడు. ఒకసారి ఆయనే గెలిచాడు, అభిమానులు భుజాలకెత్తుకుంటే తల గుమ్మానికి తగిలింది. ఇంకోసారి పైనున్న దీపం ఊడిపడింది. కుర్రాళ్ళం మూతులు మూసుకుని నవ్వుకునేవాళ్ళం. చెక్కలన్న ఒక్కడే చేతిలో పని పక్కన పెట్టి, మొదటిసారి వింటున్నట్టు ముందుకు వంగి, “తర్వాత ఏమైంది మాస్టారూ?” అనేవాడు. ఇంత మొద్దు మనిషి ఎక్కడుంటాడా అనుకునేవాళ్ళం.

మాస్టారుకు ఒకటే కోరిక. తన హాల్లోంచి ఒక్క చాంపియన్ రావాలి. రాగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయనకేమో మనుషులకంటే బల్లలెక్కువ. పైగా వయసు దాటిపోతోంది. పోటీల నియమం ప్రకారం ఆ ఏడే చెక్కలన్నకు ఆఖరి అవకాశం. ఆ తర్వాత ఆయన గుద్దుకోవాలన్నా ఇసుకమూటలే దిక్కు.

ఆ ఎడమచెయ్యే దారి చూపించింది. ఫైనల్ దాకా పోయాం. అది వేరే ఊళ్ళో, వేరే హాల్లో. రింగు ఎవరో అద్దెకు తెచ్చి బిగించింది. నేను స్టూలూ తువ్వాలూ పట్టుకుని చెక్కలన్న మూలలో నిలబడ్డాను. ఆయన రింగెక్కగానే అలవాటు ప్రకారం మోకాళ్ళ మీద వంగి కాన్వాస్ గుడ్డ మీద అరచెయ్యి పెట్టి నడిపించాడు. ముఖం చేదు మాత్ర మింగినట్టు పెట్టాడు.

“బొంత లేదు. చిత్రిక లేదు. ఏ తలమాసినవాడు చేశాడో. మేకు తలలు చేతికి తగుల్తున్నాయి.”

మాస్టారు ముఖం విచ్చుకుంది. మిగిలిన మూడు పళ్ళూ కనిపించేలా నవ్వాడు.

“చాలా మంచిది. అయితే ఈ బల్లల మీద నీకు ప్రేమ లేదుగా?”

“ఛీ. వీటి మీదెవరికుంటుంది మాస్టారూ?”

“అయితే పడనివ్వు నాయనా. నాకోసం ఒక్కడంటే ఒక్కణ్ణి పడనివ్వు.”

చెక్కలన్న తలూపాడు. నా ఎదురుగానే ఊపాడు.

ఎదుటివాడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రోజంతా ఐసు దిమ్మలు మోసి మోసి వాడూ దిమ్మలాగే తయారయ్యాడు. అందరూ ఐసుగడ్డ అనేవాళ్ళు. కుర్రవాడు, చురుకైనవాడు, పైగా చెక్కలన్న ఎడమచేతి సంగతి విని వచ్చినవాడు. దగ్గరికి రాడు. దూరంనుంచే టిక్కు టిక్కుమని తగిలించి తప్పుకుంటాడు. ఆఖరి రౌండుకు ముందు మాస్టారు చెక్కలన్న చెవిలో చెప్పాడు. పాయింట్లలో బాగా వెనకబడ్డాం, నాకౌట్ తప్ప దారి లేదు.

గంట మోగింది. రౌండు ఇక ముగుస్తుందనగా ఐసుగడ్డ గెలుపు చేతికొచ్చిందనుకున్నాడేమో, ఒక్కసారి నవ్వాడు. నవ్వడానికి గడ్డం ఎత్తాడు.

నేను జీవితంలో పిడుగు పడటం రెండుసార్లు చూశాను. రెండోది నిజం పిడుగు, మొదటిదాని ముందు అదెంత. ఆ ఎడమచెయ్యి ఎక్కడ బయల్దేరిందో నాకు తెలీదు, చేరడం మాత్రం తెలిసింది. హాలంతా లేచి నిలబడింది. ఐసుగడ్డ కొయ్యదుంగలా, మోకాళ్ళు కూడా మడవకుండా వెనక్కి ఒరగడం మొదలెట్టాడు. చెక్కలన్న చేతులు రెండూ కిందికి దించి, ఒక అడుగు వెనక్కి వేశాడు. మాస్టారు నా భుజం పట్టుకున్నాడు. ఆ వేళ్ళ గుర్తులు వారం రోజులున్నాయి.

మూడు వంతులు ఒరిగాడు ఐసుగడ్డ. నేలకు తల ముందు, ఒళ్ళు వెనక.

చెక్కలన్న దూకాడు. ఆ వయసులో, ఆ అలసటలో, రింగు సగం ఒక్క దూకులో దాటి, బోర్లా పడి, తన రెండు చేతులూ వాడి తలకిందకు తోశాడు. గ్లోవ్స్ మీద తల దిండు మీద వాలినట్టు వాలింది. కానీ వాడి నడుం నేలకు తగిలింది. చెక్కలన్న ఒళ్ళంతా తగిలింది. ఇద్దరూ పడ్డారు.

రిఫరీ నోరు తెరిచాడు. ఎవరికి లెక్కపెట్టాలో తేల్చుకోలేక ఒకసారి వాణ్ణీ, ఒకసారి ఆయన్నీ చూశాడు. తేల్చుకునేలోగా గంట మోగి ఆట అయిపోయింది. చాంపియన్ ఐసుగడ్డ అని ప్రకటించారు. చాంపియన్‌కు ఆ సంగతి చెప్పడానికి నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

“ఎవరు గెలిచారు?” అన్నాడు ఐసుగడ్డ కళ్ళు తెరిచి.

“నువ్వే,” అన్నాడు చెక్కలన్న, వాడి తల ఇంకా చేతుల్లోనే పెట్టుకుని.

“ఎలా?”

“బాగా ఆడావు.”

నాకు ఒళ్ళు మండింది. ఈ బల్లలు నీవి కాదు కదా అన్నా, వీటి మీద ప్రేమ లేదన్నావు కదా అని నిలదీశాను. ఆయన గ్లోవ్స్ తాళ్ళు విప్పుకుంటూ నా వంక చూడకుండా అన్నాడు.

“ఎవడివైనా బల్లలు బల్లలే కదరా. ఎవడో పాపం కష్టపడి చేసుంటాడు.”

తిరుగు బస్సులో మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. చెక్కలన్న ఆయన పక్కనే కూచుని, టోపీ జారితే సర్దుతూ వచ్చాడు.

మర్నాడు ఆ ఓటమి సంగతి తేల్చుకుందామని చెక్కలన్న ఇంటికి వెళ్ళాను. ఆయన పనికి పోయాడు. వదిన నాకు కూర్చోడానికి కుర్చీ వేసి, ఎడమవైపు వాలొద్దు, ఆ కాలు ఎప్పుడో విరిగిందని హెచ్చరించింది. వడ్రంగి ఇంట్లో సరైన కుర్చీ ఒక్కటి లేదు. నా కడుపుమంటంతా వెళ్ళగక్కాను. బల్లల పిచ్చితో బంగారంలాంటి పతకం పోగొట్టుకున్నాడన్నాను. వదిన పడీ పడీ నవ్వింది.

“బల్లల పిచ్చా? ఆయనకా? ఈ కుర్చీ చూశాక కూడా నమ్ముతున్నావా మరిదీ?”

అప్పుడు చెప్పింది. వాళ్ళ పెళ్ళైన కొత్తలో చెక్కలన్న ఆ గోదాముకు కిటికీలు బాగుచెయ్యడానికి వెళ్ళాడు. అప్పట్లో రింగు కింద బల్లల్లేవు, వట్టి బండలే, పైన పలచటి జంపఖానా. ఆ రోజు మాస్టారు ఆఖరి పోటీ. నాడా లేదు, దీపం లేదు, భుజాలకెత్తుకున్నవాళ్ళూ లేరు. మామూలు దెబ్బే తగిలింది, మామూలుగానే పడ్డాడు. తల బండకు తగిలింది.

“ఆ చప్పుడు విని కిటికీ వదిలేసి ఇంటికొచ్చేశాడు. అన్నం ముట్టలేదు. మాస్టారుకి లేచాక ఆ పోటీ ఒక్కముక్క గుర్తులేదు, ఇప్పటికీ లేదు. ఎవరైనా అడిగితే చిన్నతనంగా ఉంటుందని ఏదో ఒకటి కల్పించి చెప్తాడు. మర్నాడే ఈయన ఎవరూ అడక్కుండా బల్లలు మోసుకెళ్ళి పరిచాడు. కిటికీ ఇప్పటికీ అలాగే ఉంది, చూశావా?”

చూశాను. మా పావురాలు రోజూ వచ్చిపోయేది అందులోంచే.

బల్లల్ని కాపాడుకోడానికే మనుషుల్ని పట్టుకుంటున్నాడని ఇన్నేళ్ళూ ఆయన్ని చూసి నవ్వాం. ఆ బల్లలు పరిచిందే మనుషులకోసం. అవి కూడా చాలవేమోనని ప్రతిసారీ చేతులు అడ్డం పెడుతున్నాడు. నేను కుర్చీలో ఎడమవైపు వాలాను. పడ్డాను. పట్టుకోడానికి ఆయన ఇంట్లో లేడు.

వారం తర్వాత హాల్లో కొత్తగా చేరినవాళ్ళంతా మాస్టారు చుట్టూ మూగి ఫైనల్ సంగతి చెప్పమన్నారు. ఒక మూల చెక్కలన్న వంగి రింగు అంచున ఏదో బల్ల బిగిస్తున్నాడు. నాకు ముళ్ళ మీద కూచున్నట్టుంది. మాస్టారు టోపీ సర్దుకుని గొంతు సవరించుకున్నాడు. ఐసుగడ్డ ఏనుగంత ఉన్నాడన్నాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆట సాగిందన్నాడు. ఆఖర్న మన చెక్కలన్న ఎడమచేత్తో ఒక్కటిస్తే ఐసుగడ్డ గాల్లోకి లేచాడన్నాడు. నిజంగానే మరిచిపోయాడో, అంతా గుర్తుండే కావాలని చెబుతున్నాడో ఆ ముఖంలో కనిపెట్టడం నావల్ల కాలేదు.

చెక్కలన్న సుత్తి పక్కన పెట్టాడు. దగ్గరికొచ్చి, మొదటిసారి వింటున్నట్టు ముందుకు వంగాడు.

“తర్వాత ఏమైంది మాస్టారూ?”

మాస్టారు ఆయన్ని కాసేపు తేరిపార చూశాడు. చూస్తూనే చెయ్యి తల వెనక్కి పోనిచ్చి, టోపీ మీదనుంచే ఆ మచ్చను ఒకసారి తడుముకున్నాడు.

“ఇంకేముంది, దభీమని కింద పడ్డాడు,” అన్నాడు. “బల్లలు మాత్రం చెక్కుచెదరలేదు.”